పిస్తోలా, రైఫిలా? – మన దేశంలో గురి క్రీడ చరిత్ర

తిరునాళ్లలోనో, హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్‌లోనో బెలూన్లు కొట్టే దుకాణాన్ని మీరంతా చూసే ఉంటారు. వెనక చెక్క పలకకు వరసగా రంగురంగుల బెలూన్లు, ముందొక బల్ల, ఆ బల్ల మీద ఒక ఎయిర్ గన్. డబ్బులిచ్చి, తుపాకి భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి గురి చూస్తాం. బెలూను పగిలితే సంబరం, పగలకపోతే “తుపాకిలోనే తేడా ఉంది” అంటాం!

ఒక్క విషయం గమనించండి. ఆ బల్ల మీద సాధారణంగా కనిపించేది పొడవాటి తుపాకే, పిస్తోలు కాదు. సినిమాలో కథానాయకుడి చేతిలో మాత్రం తరచుగా పిస్తోలే ఉంటుంది. సరదాగా గురి చూసి కొట్టడానికి పొడవాటి తుపాకి బాగుంటుందా, చేతి తుపాకి బాగుంటుందా అని అడిగితే ఎవరి ఇష్టం వారు చెబుతారు. ఆ ఇష్టం మన సొంతమేనని కూడా అనుకుంటాం. కానీ మన దేశంలో ఆ ఇష్టం వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఎవరి చేతికి ఏ తుపాకి అందింది, ఎవరికి అందలేదు అన్నదే ఆ చరిత్ర. ఈ పాఠంలో దాన్ని తెలుసుకుందాం.

రెండు కుటుంబాలు

ముందుగా తేడా ఏమిటో చూద్దాం. భుజానికి ఆనించి పేల్చేవి పొడవాటి తుపాకులు. వీటిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. గొట్టం లోపల మెలికల గాడులు ఉండి ఒక్క తూటాను తిప్పుతూ పంపేది రైఫిల్. గొట్టం లోపల నున్నగా ఉండి ఒకేసారి చాలా చిన్న గుండ్లను వెదజల్లేది షాట్‌గన్. ఇక పిస్తోలు, రివాల్వరు చేతి తుపాకులు. వీటికి భుజం ఆసరా ఉండదు.

గురి విషయంలో ఈ తేడా చాలా పెద్దది. క్రీడాకారుడు రైఫిల్‌ను భుజం, చెంప, రెండు చేతులు ఆధారంగా పట్టుకుంటాడు. ఒలింపిక్ పోటీల్లో పిస్తోలును మాత్రం చాచిన ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. రెండో చెయ్యి సాయం చేయకూడదు.

చిన్న లెక్క వేద్దాం. తుపాకికి ముందు ఒకటి, వెనక ఒకటి గురి గుర్తులుంటాయి. వాటి మధ్య దూరం పిస్తోలులో 30 సెంటీమీటర్లు, రైఫిల్‌లో 75 సెంటీమీటర్లు అనుకోండి. రెండింటిలోనూ ముందు గుర్తు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగింది. 10 మీటర్ల దూరంలోని లక్ష్యం దగ్గర పిస్తోలు దెబ్బ సుమారు 33 మిల్లీమీటర్లు తప్పుతుంది. రైఫిల్ దెబ్బ సుమారు 13 మిల్లీమీటర్లే తప్పుతుంది. అందుకే పోటీల్లో లక్ష్యాలు కూడా వేరువేరుగా ఉంటాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో అది కేవలం అర మిల్లీమీటరు చుక్క. అంటే రైఫిల్ తేలిక, పిస్తోలు కష్టం అని కాదు. పిస్తోలు చేతి వణుకును పరీక్షిస్తే, రైఫిల్ పరిపూర్ణతను అడుగుతుంది.

వేట కాలం

మన దేశంలో వినోదం కోసం తుపాకి పేల్చడం మొదలైంది వేటతోనే. సంస్థానాధీశులకూ, బ్రిటిష్ అధికారులకూ పులి వేట దర్పానికి గుర్తు. హైదరాబాదు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు వేట అంటే ఎంతో మక్కువ. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వేట విడిది ఏర్పాటు చేశారు. చంపిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫోటో ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ పేరు ఈ వేట ఫోటోలతో ముడిపడి ఉంది.

పులి వేటకు దూరం నుంచి బలంగా తగిలే రైఫిల్ కావాలి. పిట్టల వేటకు షాట్‌గన్ కావాలి. ఈ ఆటలో పిస్తోలుకు పెద్దగా చోటు లేదు. అలా వినోదపు తుపాకి అంటే పొడవాటి తుపాకే అన్న అలవాటు మొదట దొరల విడిదిలోనే స్థిరపడింది.

1878: తుపాకి ఎవరిది?

ఆ విడిదిలో అడవిని చెదరగొట్టి పులిని తోలిన గ్రామస్థుల చేతిలో ఏముంది? కర్రలు, డప్పులు! దీనికి పేదరికం ఒక్కటే కారణం కాదు.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ పాలకులు ప్రజల నుంచి ఆయుధాలు లాక్కున్నారు. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో భారత ఆయుధ చట్టం వచ్చింది. దాని ప్రకారం భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. పాలకులు నమ్మిన కొందరు సంస్థానాధీశులకు, ప్రముఖులకు కూడా మినహాయింపులు దక్కాయి. సొంత దేశంలో తమను అనుమానితులుగా చూసే ఈ చట్టాన్ని విద్యావంతులు అవమానంగా భావించారు. దాన్ని మార్చాలని భారత జాతీయ కాంగ్రెస్ తొలి దశాబ్దాల్లోనే మళ్లీ మళ్లీ కోరింది.

మన మన్యంలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసి తుపాకులు తీసుకుపోయింది. తుపాకి ప్రభుత్వం చేతిలో మాత్రమే ఉన్న కాలంలో తిరగబడేవారికి అది దొరికే చోటు పోలీసు స్టేషనే అని ఆ దాడులు చెబుతున్నాయి.

పిస్తోలు మీద అనుమానం

పొడవాటి తుపాకి బయటికి కనిపిస్తుంది. పిస్తోలు చొక్కా కింద దాగుతుంది. పాలకుల భయం అంతా అక్కడే. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రాడా అనే ఆయుధాల కంపెనీకి వచ్చిన సరుకు నుంచి బెంగాలీ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను, 46 వేల తూటాలను మాయం చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు విప్లవ చర్యల్లో ఆ పిస్తోళ్లు కనిపించాయి. 1931లో అలహాబాదు పార్కులో పోలీసులతో పోరాడి అమరుడైన చంద్రశేఖర ఆజాద్ కోల్ట్ పిస్తోలు నేటికీ ఆ నగర మ్యూజియంలో ఉంది.

ఈ విధంగా మన జ్ఞాపకంలో రైఫిల్ వేటకూ, సైన్యానికీ గుర్తు అయింది. పిస్తోలు విప్లవానికీ, నేరానికీ, పోలీసుకూ గుర్తు అయింది. పిస్తోలు ఆట వస్తువు కాగలదని అప్పట్లో కొద్దిమందికే తోచింది.

స్వతంత్ర భారత చట్టం

స్వాతంత్ర్యం తర్వాత 1951లో భారత జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. లోక్‌సభ మొదటి స్పీకర్ జి.వి. మావలంకర్ దాని తొలి అధ్యక్షుడు. సంఘం పేరులోనే ‘రైఫిల్’ ఉండటం గమనించండి. 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. జాతి భేదం పోయింది, లైసెన్సు నియమం మిగిలింది.

ఈ చట్టంలోని 13వ సెక్షన్ మన పాఠానికి కీలకం. ఆత్మరక్షణకో, క్రీడకో 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న నున్నని తుపాకి అడిగితే లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. పంట కాపలాకు మందు దట్టించే తుపాకి అడిగినా ఇవ్వాలి. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసం కోసం .22 బోరు రైఫిల్ గాని, ఎయిర్ రైఫిల్ గాని అడిగితే ఇవ్వాలి. మిగిలిన వాటికి ‘తగిన కారణం’ చూపి అధికారిని ఒప్పించాలి. పిస్తోలు ఈ ‘మిగిలిన వాటి’లోకి చేరింది. అంటే చట్టమే పొడవాటి తుపాకికి ముందు తలుపు తెరిచి, చేతి తుపాకిని వెనక తలుపు దగ్గర నిలబెట్టింది. ఎన్.సి.సి.లో కూడా విద్యార్థులు గురి నేర్చుకునేది .22 రైఫిల్‌తోనే. ఎన్.సి.సి. నుంచే వచ్చిన అంజలి భాగవత్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ ఫైనల్ చేరింది.

అడవి నుంచి రేంజికి

తొలి తరం క్రీడాకారుల్లో ప్రసిద్ధుడు బికనేర్ మహారాజు కర్ణీ సింగ్. 1952 నుంచి 1977 వరకు లోక్‌సభ సభ్యుడు. ఎగిరే మట్టి పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే ట్రాప్ పోటీ ఆయనది. 1962లో కైరో ప్రపంచ పోటీల్లో రజతం గెలిచారు. 1960 నుంచి 1980 మధ్య ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలోని తుగ్లకాబాదులో కట్టిన రేంజికి ఆయన పేరే పెట్టారు. సొంత తుపాకులు, తూటాలు, తీరిక ఉన్నవారికి మాత్రమే ఆ రోజుల్లో ఈ ఆట సాధ్యం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట మీద కఠినమైన ఆంక్షలు వచ్చాయి. 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైంది. వినోదం కోసం తుపాకి పట్టేవారికి క్రమంగా మిగిలింది కాగితపు లక్ష్యం, మట్టి పళ్లెం మాత్రమే. ప్రాణం తీసే సాధనం చుక్కను వెతికే సాధనంగా మారడం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

రెండో మలుపు ఎయిర్ గన్. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును పంపే ఈ తుపాకికి మందు అక్కరలేదు. నిర్ణీత పరిమితికి లోబడిన ఎయిర్ గన్‌కు లైసెన్సు కూడా అక్కరలేదు. 10 మీటర్ల హాలు చాలు. దీనితో మధ్యతరగతి ఇళ్ల పిల్లలకు రైఫిల్‌తో పాటు పిస్తోలు కూడా మొదటిసారిగా అందింది. మంచి పోటీ తుపాకి ధర మాత్రం నేటికీ లక్షల్లోనే ఉంది. కాబట్టి తలుపు తెరుచుకుంది గాని, గడప ఎత్తు తగ్గలేదు.

పిస్తోలు వంతు

1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా పిస్తోలుతో స్వర్ణం గెలిచినప్పుడు దేశం ఈ ఆయుధాన్ని కొత్త కళ్లతో చూసింది. ఒలింపిక్ పతకాలు మాత్రం మరో పదేళ్లకు మొదలయ్యాయి.

2004 ఏథెన్స్‌లో సైనికాధికారి రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ షాట్‌గన్‌తో డబుల్ ట్రాప్ రజతం సాధించారు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఎయిర్ రైఫిల్‌తో 700.5 పాయింట్లు సాధించి, మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చారు. 2012 లండన్‌లో సైన్యానికి చెందిన విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో రజతం, హైదరాబాదు వాసి గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. 2024 పారిస్‌లో మను భాకర్ ఎయిర్ పిస్తోలులో కాంస్యం, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో మరో కాంస్యం సాధించింది. రైల్వే టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన స్వప్నిల్ కుసాలేకు 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం దక్కింది.

2024 వరకు వచ్చిన ఈ ఏడు పతకాలను లెక్కపెట్టండి. రైఫిల్‌కు మూడు, పిస్తోలుకు మూడు, షాట్‌గన్‌కు ఒకటి. వెనక తలుపు దగ్గర నిలబడిన పిస్తోలు రైఫిల్‌తో సమానంగా నిలిచింది. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్ల వయసులో 2018 జాతీయ పోటీల్లో ఎయిర్ పిస్తోలు విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది.

ఇష్టం ఎలా ఏర్పడుతుంది?

నేటి క్రీడాకారుడు తన తుపాకిని ఎలా ఎంచుకుంటాడు? కదలకుండా నిలబడటం, బిగువైన జాకెట్టు వేసుకుని ఒకే భంగిమను గంటకు పైగా నిలుపుకోవడం నచ్చినవారు రైఫిల్ వైపు వెళ్తారు. తక్కువ సరంజామాతో, మణికట్టు బలంతో, తన వణుకును తానే అదుపు చేసుకోవడం నచ్చినవారు పిస్తోలు పట్టుకుంటారు. ఎగిరేదాన్ని తటాలున కొట్టే చురుకుదనం ఉన్నవారికి షాట్‌గన్ నచ్చుతుంది. అయితే ఊళ్లో ఏ రేంజి ఉంది, ఏ శిక్షకుడు ఉన్నాడు, ఇంట్లో ఎంత డబ్బుంది అన్నవి కూడా ఈ ఇష్టాన్ని నిర్ణయిస్తాయి. షాట్‌గన్‌కు విశాలమైన మైదానం, పోటీ పోటీకీ బోలెడన్ని తూటాలు కావాలి. ఎయిర్ పిస్తోలుకు ఒక హాలు చాలు.

ఏ తుపాకి ఎంచుకున్నా యంత్రం మీద పూర్తి భరోసా ఉండదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్తోలు పోటీ మధ్యలో చెడిపోయింది. విలువైన సమయం పోయింది, ఫైనల్ అందలేదు. మూడేళ్ల తర్వాత అదే పోటీలో ఆమె పతకం గెలిచింది.

ముగింపు

విద్యార్థులారా, రైఫిల్ గొప్పదా, పిస్తోలు గొప్పదా అన్న ప్రశ్నకు ఒలింపిక్స్ ఇచ్చే జవాబు సూటిగా ఉంది. పారిస్‌లో జరిగిన 15 పోటీల్లో రైఫిల్‌కు 5, పిస్తోలుకు 5, షాట్‌గన్‌కు 5. మన దేశంలో మాత్రం ఆ సమానత్వం రావడానికి చాలా కాలం పట్టింది. ఒకప్పుడు పాలకుడి చర్మపు రంగు, తర్వాత వంశం, ఆ తర్వాత చట్టంలోని ఒక సెక్షన్ మన బదులు తుపాకిని ఎంచుకున్నాయి. ఈసారి తిరునాళ్లలో ఆ ఎయిర్ గన్ చేతికి తీసుకున్నప్పుడు, అది అక్కడికి ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఒక్క జాగ్రత్త మరవకండి: తుపాకి ఏదైనా, ఖాళీదైనా సరే, మనిషి వైపు గురిపెట్టకూడదు. గురి క్రీడలో మొదటి పాఠం అదే.

ఆలోచించండి

1. 1878, 1959 ఆయుధ చట్టాల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి? రెండింటిలో మారనిది ఏమిటి?

2. వన్యప్రాణి సంరక్షణ చట్టం గురి క్రీడను ఏ విధంగా మార్చింది?

3. వ్యక్తిగత ఇష్టం అని మనం అనుకునే విషయాల్లో చట్టం, డబ్బు, ప్రదేశం పాత్ర ఎంత? మీకు తెలిసిన మరో క్రీడతో పోల్చి రాయండి.