గ్రంథాలయ పన్ను (తెలుగు రాష్ట్రాలు)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పౌర గ్రంథాలయాల నిర్వహణకు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసే అదనపు పన్నే గ్రంథాలయ పన్ను. వాడుకలో లైబ్రరీ సెస్సు అంటారు. రూపాయి ఇంటి పన్నుకు 8 పైసలు దీని రేటు. ఏడాదికి వెయ్యి రూపాయల పన్ను ఉన్న ఇంటిపై గ్రంథాలయం కోసం 80 రూపాయలు పడతాయి. పంచాయతీలు, పురపాలక సంఘాలు దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి.

పూర్వం పుస్తకాల సేకరణ, భద్రత రాజుల పోషణ మీద ఆధారపడేవి. తంజావూరు సరస్వతీ మహలుకు నాయక, మరాఠా ప్రభువుల ఖజానాయే ఆధారం. ప్రజలందరికీ తెరిచిన గ్రంథాలయం తెలుగునాట 19వ శతాబ్ది చివరి దాకా లేదు. విశాఖపట్నంలో 1886లో మంతెన ఆదినారాయణస్వామి నెలకొల్పినదాన్ని తొలి పౌర గ్రంథాలయంగా చెబుతారు. నిజాం రాజ్యంలో 1891లో ఏర్పడిన ఆసఫియా గ్రంథాలయం మాత్రం మొదటి నుంచీ సర్కారు ఖర్చుతో నడిచింది. 1936లో అది అబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్‌లోని సొంత భవనానికి మారింది. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. అదే హైదరాబాదు నగరంలో 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి సభ్యుల చందాలు, దాతల విరాళాలే దిక్కయ్యాయి. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయానిదీ అదే స్థితి. సభ జరపాలన్నా ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు అమల్లో ఉన్న కాలంలో తెలుగు గ్రంథాలయాలకు సర్కారు సొమ్ము ప్రసక్తే రాలేదు.

కోస్తా జిల్లాల్లో గ్రంథాలయాలు ఉద్యమంగా పెరిగాయి. విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. అదే ఊళ్లో 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఈ పనికి వెన్నెముక అయ్యంకి వెంకటరమణయ్య. 1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభ కూడా ఆయన పూనికే. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఏటా ఆ తేదీనే మొదలవుతాయి. ఆ తరం కార్యకర్తలకు ఆదర్శం బరోడా. మూడో శాయాజీరావు గైక్వాడ్ పాలనలో అక్కడ ఊరివాళ్లు ఒక వంతు సొమ్ము పోగుచేస్తే, ప్రాంత బోర్డు ఒక వంతు, సర్కారు మరో వంతు కలిపేవి. ఆంధ్ర గ్రామాలకు ఆ మిగతా రెండు వంతులూ దక్కలేదు. అయినా పని ఆగలేదన్నదే ఈ ఘట్టంలో చెప్పుకోదగ్గ సంగతి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి దీక్షతో పెరిగింది. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. 1935లో పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం ఇంకా ముచ్చటైనది. కృష్ణా పశ్చిమ కాలువ మీద కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిరిగే ప్రయాణికులకు ఆ పడవలో పుస్తకాలు, పత్రికలు దొరికేవి. కాలువ ప్రయాణం నిదానం కావడం చదువుకు కలిసొచ్చింది.

చందాల మీద నడిచే గ్రంథాలయం దాత పోగానే మూతపడుతుందన్న అనుభవమే చట్టం కోరికకు దారితీసింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1930లో నమూనా గ్రంథాలయ బిల్లు తయారుచేశాడు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి చాలాకాలం అధ్యక్షుడుగా ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్ని వయోజన విద్యతో ముడిపెట్టి ప్రచారం చేశాడు. చివరికి అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉండగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇదే మొదటిది. దీనికి ముందు 1945లో కొల్హాపూరు సంస్థానం ఒక చట్టం చేసింది. మద్రాసు చట్టం ఇంటి పన్నుపై గ్రంథాలయ పన్ను విధించడమే కాక, మద్రాసు నగరం మినహా ప్రతిచోటా వసూలైన మొత్తానికి తగ్గకుండా ప్రభుత్వం కూడా ఇవ్వాలని నిర్దేశించింది. పన్ను అంటే విసుక్కునే జనం పుస్తకాల కోసం పన్ను వేయమని అడగడం అరుదు. తెలుగు గ్రంథాలయోద్యమం అడిగింది.

1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఈ చట్టమే సంక్రమించింది. తెలంగాణకు 1955 నాటి హైదరాబాదు పౌర గ్రంథాలయాల చట్టం ఉండేది. రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆ తర్వాతి సవరణలతో పన్ను రేటు 8 పైసలకు చేరింది.

సిబ్బంది జీతాలు ప్రభుత్వం భరిస్తుంది. పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, భవనాలు చాలావరకు పన్ను సొమ్ముతోనే సాగాలి. 1972లో కలకత్తాలో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాల వాటాకు తన వాటా కలిపి పుస్తకాలు సమకూరుస్తుంది. గ్రంథాలయ పన్ను ఏర్పాటులో మొదటి నుంచీ ఒక లోపం ఉంది. వసూలు చేసే చెయ్యి వేరు, ఖర్చుపెట్టే చెయ్యి వేరు. ఇంటి యజమాని కట్టిన సెస్సు స్థానిక సంస్థ ఖాతాలోనే ఉండిపోయి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు బకాయిలు పేరుకుపోవడం మామూలైంది. పైగా ఇంటి పన్ను రాబడి నగరాల్లో ఎక్కువ, పల్లెల్లో తక్కువ కాబట్టి, గ్రంథాలయం అవసరం ఎక్కువగా ఉన్న చోటే నిధి పలచబడుతుంది.

2014 విభజన తర్వాత తెలంగాణ 1960 చట్టాన్నే తనకు అన్వయించుకుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మాత్రం మారలేదు.