ఒక్కరి కోసం ఒక సెక్షన్

నాచారం నుంచి పట్నంలోకి వెళ్లాలంటే హబ్సిగూడ దాటాలి, తార్నాక దాటాలి. ఆ దారిలో దుకాణాల బోర్డులకు పోటీగా పరిశోధన సంస్థల బోర్డులు కనిపిస్తాయి. కూనూరులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇప్పుడు ఇఫ్లూ అని పిలుచుకునే సంస్థ ఆ ఏడాదే ‘సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్’ పేరుతో మొదలైంది. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ 1961లో వచ్చింది. అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ 1964లో ఉస్మానియా క్యాంపస్‌లోనే వెలిసింది.

ఈ తేదీలన్నీ ఒకే వైస్ ఛాన్సలర్ హయాంలో పడతాయి. ఆయన డి.ఎస్. రెడ్డి. 1957 నుంచి 1969 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నడిపారు. పైన చెప్పిన సంస్థలన్నీ ఆయనే తెచ్చారనడం అతిశయోక్తి. ఢిల్లీ నుంచి నిధులు ధారాళంగా వచ్చిన కాలమది. కానీ ఇప్పుడు ఆ కుర్చీలో మూడేళ్లు నిండటమే గొప్పగా కనిపిస్తుంటే, ఆయన పన్నెండేళ్లు ఎలా నిలిచారన్నది అడగాల్సిన ప్రశ్నే. అందులో చివరి రెండేళ్లు ఆయనకు దేశ అత్యున్నత న్యాయస్థానం దక్కించినవి.

ఉస్మానియాకు గడ్డుకాలం కొత్తేమీ కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపింది. వారిలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ చేర్చుకున్నారు. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1948 పోలీసు చర్య తరువాత బోధన ఉర్దూ నుంచి ఇంగ్లిషుకు మారుతున్నప్పుడు పగ్గాలు నవాబ్ అలీ యావర్ జంగ్ చేతిలో ఉన్నాయి. ఆయన తరువాత వచ్చిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం స్థానికులకు ఉద్యోగాలు కోరిన 1952 ముల్కీ ఆందోళనను చూశారు, 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా వెళ్లారు. ఆయన ఖాళీ చేసిన చోటుకే రెడ్డి వచ్చారు.

రెడ్డికి ఎదురైన చిక్కు వేరు. అది వీధిలోంచి రాలేదు, శాసనసభలోంచి వచ్చింది.

1959 నాటి ఉస్మానియా చట్టం వైస్ ఛాన్సలర్‌కు అయిదేళ్ల పదవీకాలం ఇచ్చింది. తొలగించాలంటే దుష్ప్రవర్తనో అసమర్థతో రుజువు కావాలి. విచారణ జరిపేది హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో జడ్జీగా ఉన్నవారు, లేదా పనిచేసినవారు కావాలి. ఆరోపణలకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంటే ముఖ్యమంత్రికి నచ్చకపోయినంత మాత్రాన వీసీ ఇంటికి వెళ్లనక్కర్లేదు. ఈ చట్టం కింద 1964లో రెడ్డికి మరో అయిదేళ్లు దక్కాయి. లెక్క ప్రకారం 1969 దాకా ఢోకా లేదు.

కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం విశ్వవిద్యాలయాల చట్టాలను సవరించబూనింది. స్వయంప్రతిపత్తి మాటేమిటన్న వాదన క్యాంపస్ దాటి బయటికి పొక్కింది. సవరణను గట్టిగా వ్యతిరేకించినవారిలో రెడ్డి ఉన్నారు. ఆ రోజుల్లోనే, 1965లో, ఉస్మానియా మాజీ వీసీ అలీ యావర్ జంగ్ అలీగఢ్‌లో అదే పదవిలో ఉండగా విద్యార్థుల దాడిలో తీవ్రంగా గాయపడ్డారు. దేశమంతటా వీసీల కుర్చీ కింద నిప్పు రాజుకున్న రోజులవి.

1966లో సవరణ చట్టం రెండు విడతలుగా వచ్చింది. మొదటిది పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. అక్కడితో ఆగితే పెద్ద గొడవ ఉండేది కాదు. రెండో విడతలో 13-ఏ అనే సెక్షన్ చేర్చారు. అప్పటికే వీసీగా ఉన్న వ్యక్తి కొత్త వీసీ నియామకం వరకే కొనసాగాలి, ఆ నియామకం 90 రోజుల్లో జరగాలి అన్నది దాని సారం. చదివితే ఏ పేరూ కనిపించదు. కానీ ‘అప్పటికే ఉన్న వ్యక్తి’ రాష్ట్రం మొత్తానికీ ఒక్కరే. విచారణ లేదు, ఆరోపణ లేదు, సంజాయిషీ లేదు. ఇంత మర్యాదగా రాసిన వేటు చట్టాల్లో అరుదు.

రెడ్డి కోర్టుకెక్కారు. ప్రతివాది విశ్వవిద్యాలయ ఛాన్సలర్, అంటే గవర్నర్ పట్టం థాను పిళ్లై. తనను నియమించిన పీఠం మీదే వ్యాజ్యం వేయడం ఒక విద్యావేత్తకు సులువైన పని కాదు. పైగా హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1967 జనవరిలో తీర్పు వచ్చింది. పాత వీసీ, రాబోయే వీసీ అంటూ రెండు తరగతులుగా విడదీయడానికి హేతువు లేదని న్యాయస్థానం తేల్చింది. ఇద్దరూ చేసే పని ఒకటే అయినప్పుడు ఒకరికి విచారణ రక్షణ ఉంచి, మరొకరికి తీసేయడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమంటూ 13-ఏ సెక్షన్‌ను కొట్టేసింది. ఒకరిద్దరిని గురిపెట్టిన చట్టాన్ని అడ్డుకున్న కేసుల్లో హైదరాబాద్ వాటా తక్కువేమీ కాదు. వలీ ఉద్దౌలా నవాబు ఆస్తి తగాదాలో ఇద్దరు మహిళలకు వాటా లేకుండా హైదరాబాద్ రాష్ట్రం చట్టమే చేస్తే, 1953లో సుప్రీంకోర్టు దాన్నీ ఇదే అధికరణం కింద రద్దు చేసింది.

రెడ్డి మిగిలిన కాలమంతా పదవిలో ఉన్నారు. అయితే దిగిపోయే ఏడాది సన్మానాల ఏడాది కాలేదు. 1969 జనవరిలో ఖమ్మం జిల్లాలో రగిలిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉస్మానియాను కేంద్రం చేసుకుంది. తరగతులు నిలిచిపోయాయి, కాల్పులు జరిగాయి, వేలాది విద్యార్థుల చదువు ఆగిపోయింది. శాలువాలు, వీడ్కోలు ప్రసంగాలు చెల్లే వాతావరణం కాదు. ఆయన తరువాత వచ్చిన రావాడ సత్యనారాయణ ఆ ఉద్యమానికి బాహాటంగా అండగా నిలిచిన వీసీ.

గెలుపు పూర్తిగా గెలుపు కాదు. న్యాయస్థానం కొట్టేసింది 13-ఏను మాత్రమే. మూడేళ్ల నిబంధన అలాగే మిగిలింది. సత్యనారాయణ 1972 దాకా, నరోత్తమ్ రెడ్డి 1975 దాకా పనిచేసి వెళ్లారు. ఆ తరువాత వచ్చిన వీసీ పింగళి జగన్మోహన్ రెడ్డి. అప్పటికే ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పదవీ విరమణ చేశారు. డి.ఎస్. రెడ్డి కుర్చీ కోసం కోర్టుల్లో పోరాడిన 1966లోనే ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.