విజిట్ వీసాపై దుబాయ్ వెళ్లిన అమ్మీ-అబ్బాను అక్కడే ఉంచుకోవచ్చా? రిటైర్మెంట్ వీసా పూర్తి వివరాలు

హైదరాబాద్: యాకుత్‌పురా, తలాబ్‌కట్టా, చాంద్రాయణగుట్ట, బార్కాస్... పాతబస్తీలో ఏ గల్లీకి వెళ్లినా కొడుకో, అల్లుడో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు కనబడతాయి. పిల్లలు అక్కడ, పెద్దవాళ్లు ఇక్కడ. ఏడాదికి ఒకసారి విజిట్ వీసా తీసి అమ్మీ-అబ్బాను పిలిపించుకుంటారు. రెండు నెలలు గడవగానే మళ్లీ టికెట్, మళ్లీ ఎయిర్‌పోర్ట్. ఇద్దరిలో ఒకరు ఇంతకాలమైతే మిగిలినవాళ్లు ఇక్కడ ఒంటరి. అప్పుడు ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటే: విజిట్ మీద వచ్చినవాళ్లను తిప్పి పంపకుండా అక్కడే పర్మనెంట్‌గా ఉంచుకోవచ్చా?

యూఏఈలో దీనికి ఒక దారి ఉంది. దాని పేరు రిటైర్మెంట్ వీసా. అందరికీ కుదిరేది కాదు, ఖర్చు ఎక్కువ. ఎవరికి కుదురుతుంది, ఎంత కావాలి, ఇండియా వైపు ఏం చూసుకోవాలి అన్నది కింద వివరంగా ఇస్తున్నాం.

ఎప్పుడు మొదలైంది?

దుబాయ్ 2020 సెప్టెంబర్‌లో ‘రిటైర్ ఇన్ దుబాయ్’ పేరుతో ఈ పథకాన్ని మొదలుపెట్టింది. 2021 నవంబర్‌లో యూఏఈ కేబినెట్ దేశం మొత్తానికి వర్తించేలా షరతులను ఆమోదించింది. వీసా 5 ఏళ్లకు ఇస్తారు, షరతులు అప్పటికీ నిలబెట్టుకుంటే రెన్యువల్ అవుతుంది. దుబాయ్‌లో జీడీఆర్ఎఫ్ఏ, మిగతా ఎమిరేట్లలో ఐసీపీ అనే ప్రభుత్వ సంస్థలు ఈ పని చూస్తాయి.

ఎవరు అర్హులు?

వయసు 55 దాటి రిటైర్ అయినవారు, లేదా యూఏఈ లోపలో బయటో కనీసం 15 ఏళ్లు ఉద్యోగం చేసినవారు. దీనితోపాటు ఈ కింది మూడింటిలో ఏదో ఒకటి చూపించాలి:

– 10 లక్షల దిర్హమ్‌ల విలువైన ఇల్లు లేదా ఫ్లాట్
– 10 లక్షల దిర్హమ్‌ల పొదుపు. దుబాయ్‌లో ఇది 3 ఏళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ రూపంలో ఉండాలి
– నెలకు 20 వేల దిర్హమ్‌ల ఆదాయం. దుబాయ్‌లో అయితే 15 వేలు

సగం ఆస్తి, సగం డిపాజిట్, అంటే 5 లక్షలు ప్లస్ 5 లక్షలు చూపించే వీలు కూడా దుబాయ్‌లో ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్ 6 నెలలది అడుగుతారు.

రూపాయల్లో చూద్దాం. దిర్హమ్‌కు 23 రూపాయలు అనుకుంటే 10 లక్షల దిర్హమ్‌లు 2 కోట్ల 30 లక్షలు. నెలకు 15 వేల దిర్హమ్‌లు అంటే 3 లక్షల 45 వేలు. రేటు పెరిగితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. ఇక్కడ టీచర్‌గానో క్లర్క్‌గానో రిటైర్ అయినవారి పెన్షన్ దీనికి సరిపోదు. కానీ పాతబస్తీలో సొంత ఇల్లు అమ్ముకున్నవారికి, నాలుగు ముల్గీల కిరాయి వచ్చేవారికి, గల్ఫ్‌లోనే పాతికేళ్లు పనిచేసి వచ్చినవారికి ఇది అందని విషయం కాదు.

ఈ వీసా మీద భార్యను లేదా భర్తను కూడా స్పాన్సర్ చేసుకోవచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఇది ఉండడానికి ఇచ్చే వీసా, పని చేయడానికి కాదు.

విజిట్ వీసా మీద ఉండగానే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. దీన్ని అక్కడ ‘స్టేటస్ చేంజ్’ అంటారు. దేశం వదిలి వెళ్లకుండానే అదనపు ఫీజు కట్టి విజిట్ నుంచి రెసిడెన్స్‌కు మారే పద్ధతి ఇది. వరుస ఇలా ఉంటుంది:

1. విజిట్ వీసా గడువు ఉండగానే అప్లై చేయాలి.
2. అప్రూవల్ వచ్చాక ఎంట్రీ పర్మిట్ ఇస్తారు. దాంతో స్టేటస్ చేంజ్ ఫీజు కట్టాలి.
3. మెడికల్ టెస్టు. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. పెద్దవాళ్లకు ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా సమస్య కావచ్చు. అందుకే ఇక్కడి నుంచి వెళ్లే ముందే ఒక ఎక్స్‌రే తీయించి డాక్టర్‌కు చూపించడం మంచిది.
4. హెల్త్ ఇన్సూరెన్స్.
5. వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ. 2022 నుంచి పాస్‌పోర్ట్‌లో వీసా స్టిక్కర్ వేయడం లేదు, ఎమిరేట్స్ ఐడీ కార్డే రెసిడెన్స్‌కు రుజువు.

టూరిస్ట్ వీసా 30 రోజులకు లేదా 60 రోజులకు వస్తుంది. ఈ పనికి 60 రోజులది తీసుకోవడమే మేలు. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌లు ఫైన్. ఇద్దరు మనుషులకు 20 రోజులు దాటితే 2 వేల దిర్హమ్‌లు, అంటే దాదాపు 46 వేల రూపాయలు. ‘పది రోజులు గ్రేస్ ఉంటుంది, ఏం కాదు’ అనే పాత మాటను నమ్ముకోవద్దు.

ఇంకో చిక్కు ఉంది. విజిట్ మీద ఉన్నవారికి అక్కడి బ్యాంకుల్లో అకౌంట్ తెరవడం అంత తేలిక కాదు. చాలా బ్యాంకులు ఎమిరేట్స్ ఐడీ అడుగుతాయి. కొన్ని బ్యాంకులు నాన్ రెసిడెంట్ సేవింగ్స్ అకౌంట్ ఇస్తాయి, కానీ అందులో ఎక్కువ బ్యాలెన్స్ ఉంచాలి. అందుకే డిపాజిట్ దారిలో వెళ్లేవారు అమ్మీ-అబ్బా విమానం ఎక్కకముందే బ్యాంకుతో మాట్లాడుకోవాలి. వడ్డీ వద్దనుకునేవారు ఇస్లామిక్ బ్యాంకుల ముదారబా డిపాజిట్ గురించి అడగవచ్చు, కానీ వీసా కోసం అది చెల్లుతుందా అన్నది అప్లికేషన్ తీసుకునే ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

డబ్బు ఎలా పంపాలి? అసలు చిక్కు ఇక్కడే

చాలామంది వీసా రూల్స్ అన్నీ చదువుతారు, ఇండియా వైపు రూల్స్ మరిచిపోతారు. ఆర్‌బీఐ ఎల్ఆర్ఎస్ పద్ధతి కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు 2 లక్షల 50 వేల డాలర్లే పంపగలడు. డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లు ఫిక్స్‌డ్ రేటు. ఆ లెక్కన 10 లక్షల దిర్హమ్‌లు అంటే సుమారు 2 లక్షల 72 వేల డాలర్లు. అంటే అబ్బా ఒక్కరే ఒకే ఏడాది మొత్తం పంపలేరు! కొంత మార్చిలో, మిగతాది ఏప్రిల్‌లో పంపాలి. లేదా అమ్మీ, అబ్బా చెరికొంత పంపాలి. అప్పుడు డిపాజిట్ ఎవరి పేరు మీద ఉండాలన్నది ముందే తేల్చుకోవాలి.

రెండోది టీసీఎస్. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి పెట్టుబడి కోసం పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. ఇద్దరూ చెరి 1 కోటి 15 లక్షలు పంపారనుకోండి. ఒక్కొక్కరికి 1 కోటి 5 లక్షల మీద 21 లక్షలు, ఇద్దరికీ కలిపి 42 లక్షలు. ఈ డబ్బు పోదు. రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుకుంటుంది, మిగిలింది రీఫండ్ వస్తుంది. కానీ అది వచ్చేదాకా 42 లక్షలు చేతిలో లేకుండా ఉండగలరా? ఇల్లు అమ్మిన డబ్బు సరిగ్గా 2 కోట్ల 30 లక్షలే ఉంటే పని మధ్యలో ఆగిపోతుంది.

‘అక్కడ కొడుకు జీతం నుంచే అబ్బా పేరు మీద డిపాజిట్ చేస్తే సరిపోదా?’ అని అడిగేవారున్నారు. దీనికి ఫెమా రూల్స్ అడ్డొస్తాయి. పైగా ఇండియాలో రెసిడెంట్‌గా ఉన్నంతకాలం విదేశీ అకౌంట్, ఆస్తి వివరాలు ఐటీ రిటర్న్‌లో చూపించాలి. దాచిపెడితే 10 లక్షల రూపాయల పెనాల్టీ పడే ప్రమాదం ఉంది. ఈ దారిలో వెళ్లేముందు మంచి సీఏను కలవాల్సిందే.

ఇక్కడి ఇల్లు, ముల్గీలు, పెన్షన్ సంగతి?

అక్కడ స్థిరపడ్డాక ఇక్కడి సేవింగ్స్ అకౌంట్లను ఎన్ఆర్ఓ అకౌంట్లుగా మార్చుకోవాలి. ఇంటి యజమాని ఎన్ఆర్ఐ అయితే, కిరాయిదారు కిరాయిలో 30 శాతం, దాని పైన సెస్ టీడీఎస్ కోసి కట్టాలి. 20 ఏళ్లుగా నోటిమాట మీద కిరాయి ఇస్తున్న ముల్గీవాళ్లకు ఈ విషయం ముందే చెప్పి, కాగితం రాసుకోవాలి. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోవద్దు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇచ్చే సౌకర్యం ఉంది.

కాగితాలు: పేర్ల దగ్గరే ఎక్కువ ఇబ్బంది

పెద్దవాళ్ల నికాహ్ చాలావరకు ఖాజీ సాబ్ సియాహానామాలో ఉర్దూలో ఉంటుంది. భార్యాభర్తల బంధం రుజువు చేయడానికి నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ అటెస్టేషన్, చివరగా యూఏఈ కాన్సులేట్ ముద్ర. ఆ కాన్సులేట్ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది.

ఒక కాగితంలో ‘మొహమ్మద్’, ఇంకోదాంట్లో ‘ఎండీ’, ఆధార్‌లో ‘బేగం’, పాస్‌పోర్ట్‌లో ‘బీ’. ఇలా ఉంటే ముందు సరిచేయించుకోండి. ముఖ్యంగా, పాస్‌పోర్ట్‌లో ఒకే పదం పేరు ఉన్నవారిని 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా మీద యూఏఈ రానివ్వడం లేదు. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే మినహాయింపు ఇచ్చారు. పాతకాలం అమ్మీల పాస్‌పోర్ట్‌లు ఒకసారి తీసి చూడండి.

ఇంత డబ్బు లేనివారికి?

కొడుకే స్పాన్సర్‌గా తల్లిదండ్రుల రెసిడెన్స్ వీసా తీసే పద్ధతి ఉంది. ఇది ఏడాదికి ఒకసారి రెన్యువల్ అవుతుంది. తల్లిదండ్రులకు తానే ఆధారం అని రుజువు చూపించాలి. మామూలుగా ఇద్దరినీ కలిపే స్పాన్సర్ చేయాలి. ఒకరు చనిపోయినా, విడిపోయినా దాని కాగితం పెట్టాలి. జీతం షరతు గట్టిగా ఉంటుంది, చాలాకాలంగా చెబుతున్న అంకె నెలకు 20 వేల దిర్హమ్‌లు. ఇన్సూరెన్స్ ఏటా కట్టాలి. మన ఇళ్లలో చాలామందికి రిటైర్మెంట్ వీసా కన్నా ఇదే దగ్గరి దారి.

సౌదీ, థాయ్‌లాండ్ సంగతి?

సౌదీలో విడిగా రిటైర్మెంట్ వీసా అంటూ లేదు. 2019లో వచ్చిన ప్రీమియం రెసిడెన్సీకి శాశ్వతంగా అయితే 8 లక్షల రియాళ్లు, ఏడాదికి అయితే లక్ష రియాళ్లు. కొడుకు ఇఖామా మీద విజిట్‌కు వెళ్లిన తల్లిదండ్రుల వీసాను ఇఖామాగా మార్చే దారి మామూలుగా లేదు. ఉమ్రా వీసా మీద వెళ్లి ఆగిపోవడం అయితే చట్టవిరుద్ధం. ‘మేం మార్పిస్తాం’ అనే ఏజెంట్లకు డబ్బు ఇవ్వకండి.

పోలిక కోసం చెప్పాలంటే థాయ్‌లాండ్‌లో 50 ఏళ్లు దాటినవారు అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్ ఉంచి, టూరిస్ట్‌గా వచ్చిన గడువులో కనీసం 15 రోజులు మిగిలి ఉండగా అప్లై చేసి మార్చుకుంటారు. ఖర్చు తక్కువే, కానీ అక్కడ మన పిల్లలుండాలి కదా.

నిర్ణయం తీసుకునే ముందు

– 6 నెలలకు మించి యూఏఈ బయట ఉంటే రెసిడెన్స్ రద్దయ్యే ప్రమాదం ఉంది. ‘వీసా తీసిపెట్టుకుని ఇక్కడే ఉంటాం’ అంటే కుదరదు.
– షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్న 65 ఏళ్ల మనిషికి ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంత అవుతుందో కొటేషన్ ముందే తెప్పించుకోండి. పాత జబ్బులు కవర్ అవుతాయా లేదా అన్నది చదవండి.
– రిటైర్మెంట్ వీసాకు రిక్రూటింగ్ ఏజెంట్‌తో పనిలేదు. దుబాయ్‌లో ఆమెర్ సెంటర్లు, అధికారిక వెబ్‌సైట్లు ఉన్నాయి. షరతులు, ఫీజులు మారుతుంటాయి, అప్లై చేసే రోజు అక్కడే చూసుకోండి.
– అక్కడ ఇబ్బందుల్లో పడితే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు.

అన్నిటికన్నా ముందు అమ్మీ-అబ్బాను కూర్చోబెట్టి అడగండి. 14వ అంతస్తు ఫ్లాట్‌లో కొడుకు, కోడలు డ్యూటీకి వెళ్లాక పగలంతా ఇద్దరే ఉండాలి. మొహల్లా, మసీదు దోస్తులు, పక్కింటి ఖాలా అక్కడ ఉండరు. పాతబస్తీ ఇల్లు ఒకసారి అమ్మేస్తే మళ్లీ కొనడం కష్టం. ముందు 60 రోజుల విజిట్ పూర్తిగా ఉండి చూసి, వాళ్ల మనసు కుదిరాకే ఇంటి కాగితాలు బయటకు తీయండి.