నీళ్ళు ఇగిరిపోయాయి

సిగ్నల్ దగ్గర మా కారు బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. పక్కన కూర్చున్న అమ్మ, "నీళ్ళు ఇగిరిపోయాయేమోరా" అంది. ఇగరడం అనే మాట నేను అప్పటిదాకా కూర విషయంలోనే విన్నాను. తరువాత చదివితే తెలిసింది, తొలి కార్ల కథలో ఇది చాలా ముఖ్యమైన మాట అని.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో నీళ్ళు ఇగరడం లోపం కాదు, అదే పద్ధతి. సిలిండర్ చుట్టూ నీళ్ళు ఉండేవి. అవి మరిగి, వేడిని తీసుకుని, ఆవిరై పోయేవి. ఇది తెలివైన పనే. చల్లని నీళ్ళని మరిగించడానికి పట్టే వేడికన్నా, మరిగే నీళ్ళని పూర్తిగా ఆవిరి చేయడానికి ఐదు రెట్లకు పైగా వేడి కావాలి. కానీ పోయిన నీళ్ళు మళ్ళీ పోయాలి కదా! 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. సుమారు 100 కిలోమీటర్లు. దారిలో దొరికిన చోటల్లా నీళ్ళు పోసుకుంటూ వెళ్ళారు. నాకు ఆ పిల్లల మీద జాలి వేసింది. నీళ్ళు మోసింది వాళ్ళే అయి ఉంటారు.

ఇంజిన్ల బలం పెరిగాక ఇలా కుదరలేదు. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కి తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారు చేశాడు. అందులో 8,070 సన్నని గొట్టాలు. గొట్టాల లోపల గాలి, వాటి మధ్య నీళ్ళు. 9 లీటర్లు చాలు, అవే తిరుగుతూ ఉంటాయి. బండి మెల్లగా పోతే గాలి తగలదు కాబట్టి, వెనక ఒక ఫ్యాన్ పెట్టాడు.

ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మా కారు హైవే మీద బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గరే వేడెక్కుతుంది. అంటే ఫ్యాన్! ఇంజిన్ వేడిగా ఉండగా ఏసీ వేసి చూశాను. ఫ్యాన్ తిరగలేదు. (హైవే మీద కూడా వేడెక్కితే నీళ్ళ పంపు, థర్మోస్టాట్, పూడుకుపోయిన రేడియేటర్ లాంటివి చూడాలి.)

ఆ రోజు నేను వెంటనే మూత తీయబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది: "కుక్కర్ మూత అలాగే తీస్తావా?" అమ్మ చెప్పింది నిజమే. ఇప్పటి రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని బిగించి ఉంచుతుంది. అందుకే నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీశాం.

ఫ్యాన్ మోటార్ కాలిపోయిందని మెకానిక్ చెప్పాడు. కొత్తది వేయించాం, కూలెంట్ నింపించాం. ఇప్పుడు సిగ్నల్ దగ్గర కూడా ముల్లు మధ్యలోనే ఆగుతోంది. అమ్మ మాత్రం డిక్కీలో రెండు నీళ్ళ సీసాలు పెట్టనిదే కారెక్కదు.