డీర్‌హర్‌స్ట్ ఒడ్డా చాపెల్: శాసనం, నిర్మాణం, కాలనిర్ణయం

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, సెవర్న్ నదీతీరాన ఉన్న డీర్‌హర్‌స్ట్ గ్రామంలోని ఒడ్డా చాపెల్ 1056 నాటి చిన్న ప్రార్థనాలయం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించడానికి ముందు ఆంగ్లో-శాక్సన్లు కట్టిన చర్చిల్లో చాలావాటి కాలాన్ని శైలిని బట్టే ఊహించవలసి వస్తుంది. ఈ చాపెల్‌కు మాత్రం ప్రతిష్ఠ జరిగిన రోజుతో సహా శాసనాధారం ఉంది.

నిర్మాత ఒడ్డా, అప్పటి ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్‌కు బంధువు. 1051లో శక్తిమంతుడైన ఎర్ల్ (ప్రాంతీయ పాలకుడు) గాడ్విన్ ప్రవాసానికి వెళ్ళినప్పుడు, ఒడ్డా నైరుతి ఇంగ్లండ్‌కు ఎర్ల్ అయ్యాడు. అతని సోదరుడు ఆల్‌ఫ్రిక్ 1053లో డీర్‌హర్‌స్ట్‌లో మరణించాడు. ఆ సోదరుని ఆత్మశాంతి కోసం ఒడ్డా ఈ ఆలయాన్ని కట్టించి పవిత్ర త్రిత్వానికి అంకితం చేశాడు. 1056 ఏప్రిల్ 12న బిషప్ ఎల్‌డ్రెడ్ ప్రతిష్ఠ జరిపాడు. పదేళ్ళ తర్వాత నార్మన్ల నాయకుడు విలియం విజేతకు కిరీటధారణ చేసినవాడూ ఈ ఎల్‌డ్రెడే. ఒడ్డా 1056 ఆగస్టులోనే మరణించాడు.

ఆలయ నిర్మాణ, ప్రతిష్ఠల వివరాలు చెక్కిన లాటిన్ శాసనం 1675లో సమీపంలోని ఒక తోటలో బయటపడింది. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. ఇందులో కట్టడాన్ని రాజమందిరం అనే అర్థమిచ్చే మాటతో పేర్కొన్నారు. అసలు చాపెల్ జాడ తెలియకపోవడంతో, ఆ శాసనం ఊళ్ళోనే ఉన్న సెయింట్ మేరీ చర్చికి చెందిందని చాలాకాలం భావించారు.

చాపెల్ కనిపించకపోవడానికి కారణం దాని తర్వాతి చరిత్రలో ఉంది. ఒడ్డా భూములు వెస్ట్‌మిన్‌స్టర్ మఠానికి దక్కాయి. కాలక్రమంలో చాపెల్‌ను ఆనుకుని అబాట్స్ కోర్ట్ అనే కలపచట్రపు ఇల్లు వెలిసింది. ప్రార్థనాలయం ఆ ఇంటిలో గదులుగా మారిపోయింది. 1885లో మరమ్మతుల సందర్భంగా ప్రాచీన కిటికీలు, కమాను బయటపడ్డాయి. స్థానిక వికార్ జార్జ్ బటర్‌వర్త్ ఇదే ఒడ్డా ఆలయమని గుర్తించాడు. త్రిత్వానికి అంకితమైన బలిపీఠపు శాసన శకలం కూడా అక్కడే దొరకడంతో ఆ గుర్తింపు బలపడింది.

చాపెల్‌లో రెండే భాగాలు: భక్తులు నిలిచే హాలు, దానికి తూర్పున బలిపీఠం ఉండే చిన్న గది. హాలు పొడవు సుమారు 25 అడుగులు, వెడల్పు సుమారు 16 అడుగులు. గోడలు దాదాపు 17 అడుగుల ఎత్తున ఉండటంతో చిన్న కొలతల్లోనూ నిటారుతనం కనిపిస్తుంది. గోడలను చెక్కని రాళ్ళతో కట్టి, మూలల్లో మాత్రం చెక్కిన రాళ్ళను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా మార్చిమార్చి పేర్చారు. ఇది ఆంగ్లో-శాక్సన్ పనితనానికి ప్రసిద్ధ లక్షణం. హాలు కిటికీలు గోడ మందంలో మధ్యన ఇరుకుగా ఉండి, లోపలికీ బయటికీ విశాలమవుతాయి. రెండు భాగాలను కలిపే అర్ధవృత్తపు కమాను నిరాడంబరమైనది.

ఈ లక్షణాలు ఇతర చర్చిల్లోనూ ఉన్నాయి. అయితే అవి 11వ శతాబ్దం మధ్యలో వాడుకలో ఉన్నాయని ఇక్కడ శాసనమే రుజువు చేస్తుంది. తేదీ తెలియని సమకాలీన కట్టడాలను పోల్చి చూడటానికి ఇది నమ్మదగిన కొలమానం. పరిమాణంలో చిన్నదైనా, ఇంగ్లండ్ వాస్తుచరిత్రలో ఒడ్డా చాపెల్ స్థానం పెద్దది.