‘జగ్గర్‌నాట్’: పూరీ రథం ఆంగ్లంలో ఏమైంది?



వరుస విజయాలతో దూసుకుపోయే రాజకీయ పక్షాన్నో, క్రీడా జట్టునో ఆంగ్ల పత్రికలు ‘జగ్గర్‌నాట్’ అని వర్ణిస్తుంటాయి. అడ్డు వచ్చిన దానినెల్లా నలిపివేస్తూ సాగే శక్తి అని భావం. బ్రిటన్‌లో భారీ సరుకు లారీకి కూడా ఇదే పేరు. ఆ మాట మన జగన్నాథుని పేరేనని పిల్లలకు చెప్పి చూడండి, ఆశ్చర్యపోతారు.

వ్యుత్పత్తి సులభమే. జగత్ + నాథుడు = జగన్నాథుడు, అనగా లోకానికి ప్రభువు. రక్షకుని పేరు విధ్వంసానికి మారుపేరు ఎట్లయినది?

14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇటలీ క్రైస్తవ సన్యాసి ఓడోరిక్, భక్తులు తమంతట తామే రథచక్రాల కింద పడి ప్రాణాలు విడుస్తారని వ్రాశారు. ఆయన చెప్పినది పూరీని గురించి కాదు, తమిళ తీరాన్ని గురించి. అయినప్పటికీ ఐరోపాలో ఇటువంటి కథనాలు పూరీ రథానికే అంటుకున్నాయి.

1803లో పూరీ ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1806లో అక్కడికి వెళ్ళిన మతబోధకుడు క్లాడియస్ బుకానన్, 1811లో వెలువరించిన గ్రంథంలో జగన్నాథుని నరబలి కోరే దైవంగా చిత్రించారు. కంపెనీ వసూలు చేసిన యాత్రికుల పన్నును (ఇది 1840లో రద్దయింది) ఖండించిన మిషనరీలు కూడా ఇటువంటి చిత్రాన్నే ముందుంచారు. క్రమంగా దేవుని పేరు ఆంగ్లంలో సామాన్య నామమైంది.

1872లో ‘ఒరిస్సా’ గ్రంథం వ్రాసిన విలియం హంటర్ ఈ అపవాదును త్రోసిపుచ్చారు. రథం కింద జరిగిన మరణాలు దాదాపు అన్నీ ప్రమాదాలేననీ, ఆత్మార్పణ జగన్నాథ ఆరాధనకే విరుద్ధమనీ ఆయన నిర్ణయం. పదహారు చక్రాల నందిఘోషాన్ని వేలాది జనం త్రాళ్ళతో లాగేటప్పుడు ప్రమాదం సంభవించడం వింత కాదు గదా! కాని అప్పటికే మాట స్థిరపడిపోయింది.

ఇవే చక్రాలు తెలుగులో మరొక దారిన నడిచాయి. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’లో శ్రీశ్రీ జగన్నాథుని రథచక్రాలను పతితుల కోసం, బాధాసర్పదష్టుల కోసం కదిలించారు. అక్కడ కూడా రథం ఆగదు. అయితే అది దీనులను నలపడానికి కాక, ఆదుకోవడానికి వస్తుంది.

కనుక ఈ పదాన్ని పాఠం నుండి తొలగించవద్దు. పలకపై సంధి వ్రాయించండి, ప్రక్కనే ఆంగ్లార్థం వ్రాయించండి. పిమ్మట, “ఈ అర్థం ఇచ్చినవారు రథాన్ని ఎక్కడ నిలబడి చూశారు?” అని అడగండి. ఒడిశాలోని మన తెలుగు పిల్లలు ఏటా రథయాత్ర చూస్తూనే ఉంటారు. త్రాడు పట్టినవారికి ఆ రథం ఎట్లుంటుందో వారినే చెప్పనివ్వండి.