రిటర్ను గడువు దాటిన రైతులకు డిసెంబరు 31 ఎందుకు ముఖ్యం?

పంట ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. అందుకే రిటర్నుతో మనకేం పని అని చాలామంది రైతులు అనుకుంటారు. కానీ రోడ్డుకో, కాలువకో భూమి పోయి వచ్చిన పరిహారాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినవారు కర్నూలు, కడప జిల్లాల్లో తక్కువేమీ లేరు. ఆ వడ్డీ వ్యవసాయ ఆదాయం కిందికి రాదు.

2024-25లో ఒక బ్యాంకు నుంచి వచ్చిన వడ్డీ 40 వేలు (60 ఏళ్లు నిండినవారికి 50 వేలు) దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోయినా, పాన్‌కు ఆధార్ లింకు లేకపోయినా 20 శాతం పోతుంది. 8 లక్షలకు 7 శాతం లెక్కన వడ్డీ 56,000 రూపాయలు, కోత 5,600. వేరే ఆదాయం లేని రైతుకు అసలు పన్నే పడదు. అంటే ఆ 5,600 ఆయన సొమ్మే. కానీ రిటర్ను వేసి అడిగితేనే వెనక్కి వస్తుంది.

ఆ ఏడాది రిటర్నుకు గడువు 2025 జూలై 31. దాన్ని సెప్టెంబరు 15కు, ఆపై ఇంకొక్క రోజు కలిపి 16కు పెంచారు. అదీ దాటినవారు 2025 డిసెంబరు 31 లోపు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. పంట కాకుండా మిగతా ఆదాయం 3 లక్షల లోపైతే ఆలస్య రుసుము లేదు. 5 లక్షల వరకు 1,000, అంతకు మించితే 5,000 రూపాయలు. పన్ను బాకీ ఉంటే నెలకు 1 శాతం వడ్డీ కూడా పడుతుంది.

శనగ పనుల హడావుడిలో డిసెంబరు 31 కూడా జారిపోతే కష్టమే. ఆ తర్వాత నాలుగేళ్ల వరకు వేయగల అప్‌డేటెడ్ రిటర్నులో రీఫండ్ అడగడానికి వీల్లేదు. ఆలస్యానికి గట్టి కారణం, ఆధారాలు చూపి ఆదాయపు పన్ను కమిషనరుకు అర్జీ పెట్టుకోవడమొక్కటే మిగులుతుంది. మంజూరు చేయడం, చేయకపోవడం వారిష్టం. 5,600 కోసం అంత తిరుగుడు ఎవరు తిరుగుతారు?

రిటర్ను వేస్తే పీఎం కిసాన్ ఆగిపోతుందన్న భయం ఊళ్లలో బాగా ఉంది. నిబంధన ప్రకారం అనర్హులు గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు. పన్ను పడని రైతు తన టీడీఎస్ వెనక్కి తెచ్చుకోవడం పన్ను కట్టడం కాదు. ఎందుకైనా మంచిది, రిటర్ను కాపీ దాచుకోండి. పేరు పొరపాటున తీసేస్తే చూపడానికి ఉంటుంది.

ఇంటర్నెట్ సెంటర్లలో అందరికీ ఐటీఆర్-1 వేసేస్తుంటారు. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే అది చెల్లదు. వ్యాపారం లేని రైతుకు ఐటీఆర్-2 సరైనది. పంట ఆదాయం దాచమని ఎవరైనా చెబితే వినకండి, దానిపై పన్ను లేనప్పుడు దాచాల్సిన పనేముంది. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. ఆలస్యమైతే ధ్రువీకరించిన తేదీనే రిటర్ను తేదీగా లెక్కిస్తారు. ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది కాబట్టి సెంటరు నుంచి లేచే ముందే ఆ పని చేయించండి.

2025-26కు టీడీఎస్ పరిమితి 50 వేలకు, 60 ఏళ్లు నిండినవారికి లక్షకు పెరిగింది. అంతకు మించి వడ్డీ వచ్చేవారు, పన్ను పడేంత ఆదాయం లేకపోతే, బ్యాంకులో 15జి ఫారం (60 నిండినవారు 15హెచ్) ఇస్తే కోతే ఉండదు. రెండు బ్యాంకుల్లో డిపాజిట్లుంటే రెండు చోట్లా ఇవ్వాలి.